పొదలను చీల్చే గుండు

అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో నవంబరు మాసం దుప్పివేటకు ఋతువు. మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాలలోను, న్యూయార్క్ రాష్ట్రపు అడిరాండాక్ కొండలలోను, మిచిగన్ ఉత్తర భాగంలోను అప్పటికి చాలా చెట్లు ఆకు రాల్చి ఉంటాయి. అయినా అడవి పలుచబడదు. ఒకనాడు సేద్యం చేసి విడిచిపెట్టిన పొలాలలోను, చెట్లు నరికివేసిన చోట్లను మొలిచిన లేత మొక్కలు, ముళ్ళతీగలు, వేలిలావు కొమ్మలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని, ముప్పై గజాల అవతల ఏమున్నదో తెలియనివ్వవు. దుప్పికి కావలసిన మేతా, మాటూ రెండూ అక్కడే. దానిని వెదకిపోయేవాడు కూడా అక్కడికే పోవలసి ఉంటుంది.

ఆ దుప్పిని అక్కడివారు తెల్లతోక దుప్పి అంటారు. బెదిరినప్పుడు తోక నిటారుగా ఎత్తి, దాని అడుగునున్న తెల్లదనాన్ని జెండావలె చూపుతూ పరుగెత్తడం దాని అలవాటు. తెలుగులో జింక అన్న మాటను ఉదారంగా వాడుతుంటాము గాని, కొమ్ములు చీలి, ఏటేటా రాలి, మళ్ళీ మొలిచే జాతికి దుప్పి అనడమే సరి. కృష్ణజింక కొమ్ములు చీలవు, రాలవు. పందొమ్మిదవ శతాబ్దంలో మాంసం, చర్మాల వ్యాపారం కోసం విచ్చలవిడిగా సాగిన వేట మూలంగా, 1900 నాటికి ఆ దేశంలోని తెల్లతోక దుప్పులు కొన్ని లక్షలకు దిగిపోయాయని అంచనా. తరువాత వ్యాపారపు వేటను చట్టం అరికట్టింది. వేటకు ఋతువులు, పరిమితులు ఏర్పడ్డాయి. 1937లో వచ్చిన ఒక చట్టం తుపాకులమీద, తూటాలమీద వచ్చే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్ళించింది. ఇప్పుడు వాటి సంఖ్య మూడు కోట్ల ప్రాంతంలో ఉంటుందంటారు. తోడేళ్ళు లేకుండా పోయిన చోట్ల అవి లేతచెట్లను ఎదగనీయక అడవికే చేటు తెస్తున్నాయి. అందుచేత అక్కడ వేట కేవలం వినోదం కాదు; ప్రభుత్వం లెక్కచూసి అనుమతించే పని.

ఇట్టి చిట్టడవిలో దుప్పిని కొట్టడానికి ఏ తుపాకి తగినది? ఈ ప్రశ్నకు అమెరికా వేటగాండ్రలో తరతరాలుగా వస్తున్న జవాబు ఒకటున్నది. దానిపేరు “బ్రష్ గన్”, అనగా పొదల తుపాకి. గుండు లావుగా, బరువుగా, మొద్దుముక్కుతో, నెమ్మదిగా పోయేదిగా ఉండాలి. అట్టి గుండు అడ్డం వచ్చిన రెమ్మలను నరుక్కుంటూ తిన్నగా పోయి దుప్పికి తగులుతుంది. సన్నగా, మిక్కిలి వడిగా పోయే గుండు మొదటి రెమ్మకే దారి తప్పుతుంది. ఇదీ ఆ సిద్ధాంతం. తండ్రి కొడుకుకు చెప్పాడు, దుకాణదారు కొనవచ్చినవానికి చెప్పాడు, పత్రికలు అందరికీ చెప్పాయి. వినడానికి ఎంతో న్యాయంగా ఉన్న మాట. ఎద్దుబండి కంపను తొక్కుకుంటూ పోతుంది, సైకిలు పడిపోతుంది గదా!

పొదల తుపాకిగా పేరుమోసిన వాటిలో మొదట చెప్పవలసినది వించెస్టర్ వారి 1894 నమూనా రైఫిలు. దీనిని రూపొందించిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855–1926) యూటాలోని ఆగ్డెన్ పట్టణంలో ఒక తుపాకుల పనివానికి కుమారుడు. ఎక్కువగా వాడుకలోనికి వచ్చిన రకానికి గొట్టం పొడవు 20 అంగుళాలు, మొత్తం పొడవు 38 అంగుళాలు, బరువు సుమారు మూడు కిలోలు. ప్రక్కలు పలకవలె చదునుగా ఉండటంచేత నడుమ పట్టుకొని నడిస్తే చేతిలో ఇమిడిపోతుంది. ట్రిగ్గరు క్రింద ఉన్న లీవరును వ్రేళ్ళతో ఒకసారి క్రిందికి తోసి పైకి లాగితే, ప్రేలిన తూటా గొట్టం బయటపడి, కొత్త తూటా లోపలికి ఎక్కుతుంది. ఈ తుపాకులు 70 లక్షలకు పైగా తయారయ్యాయి. వేటకోసం తయారైన మరే రైఫిలుకూ ఇంత ప్రచారం కలగలేదనవచ్చును.

దీనికి 1895లో వచ్చిన తూటాను ‘30-30’ అంటారు. మొదటి ముప్పై గుండు అడ్డకొలత, అంగుళంలో నూటికి ముప్పై పాళ్ళు. రెండవ ముప్పై తూటాలోని మందు బరువు, ముప్పై గ్రెయిన్లు. గ్రెయిను అంటే గింజ. యవధాన్యపు గింజ ఎత్తునుంచి పుట్టిన ఈ కొలత మన కంసాలుల గురివిందగింజ ఎత్తులో సగానికి కొంచెం ఎక్కువ. గుండు 170 గ్రెయిన్లు, అనగా 11 గ్రాములు. అది సెకనుకు 2,200 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ వ్యేయ్ 1884లో పొగలేని మందును కనిపెట్టిన తరువాత, అట్టి మందు కోసమే అమెరికాలో వేటకు తయారైన చిన్న గుండు తూటాలలో ఇది మొదటిది.

ఇక్కడ ఒక చమత్కారం ఉన్నది. 30-30 పుట్టిన కాలంలో దానికి వచ్చిన పేరు వడిగలదని, సన్నదని. అంతకుముందు నల్లమందుతో పేలే పెద్ద గుండ్లదే రాజ్యం. అమెరికా సైన్యం 1873లో స్వీకరించిన ‘45-70’ తూటాలో గుండు 405 గ్రెయిన్లు, అనగా 26 గ్రాములకు పైమాట. వేగం సెకనుకు సుమారు 1,300 అడుగులు. దాని ప్రక్కన పెడితే 30-30 కందిరీగ. కాని 1906లో సైన్యానికే ‘30-06’ వచ్చింది. 1925లో ‘270 వించెస్టర్’ వచ్చింది. దాని 130 గ్రెయిన్ల గుండు సెకనుకు మూడువేల అడుగులు దాటి పోతుంది. అప్పటినుంచి 30-30 పాతబడి, బరువైన, నెమ్మదైన, పొదలను చీల్చే గుండుగా పేరు మార్చుకున్నది. గుండు మారలేదు. దాని ప్రక్కన నిలబడినవి మారాయి.

మొద్దుముక్కు సంగతి మరీ విడ్డూరం. ఈ తుపాకిలో తూటాలు గొట్టం క్రిందనున్న మరొక సన్నని గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా కూర్చుంటాయి. వెనుకదాని ముక్కు ముందుదాని అడుగును తాకుతుంటుంది. ఆ అడుగు మధ్యనే నిప్పు పుట్టించే మూత ఉంటుంది. గుండు ముక్కు మొనదేలి ఉంటే, తుపాకి పేలిన అదటుకు అది ముందుతూటా మూతను పొడిచి, చేతిలోనే పేల్చివేయవచ్చును. ఆ ప్రమాదం తప్పించడానికే ముక్కును చదును చేశారు. పొదలకోసం కాదు. 2006 ప్రాంతంలో రబ్బరువలె లొంగే మెత్తని మొనగల గుండ్లు ఈ తుపాకులకు వచ్చిన తరువాత ఆ మొద్దుముక్కు అవసరం కొంత తగ్గింది కూడా.

బరువైన గుండు కావాలా, వడిగల గుండు కావాలా అన్న వివాదం అమెరికా వేట పత్రికలలో ఇరవయ్యవ శతాబ్దం మధ్యకాలమంతా సాగింది. బరువు పక్షాన ఎల్మర్ కీత్ (1899–1984), వడి పక్షాన జాక్ ఓకానర్ (1902–1978) నిలిచారు. కీత్ పశువుల మందలమధ్య పెరిగినవాడు. ఓకానర్ అరిజోనా విశ్వవిద్యాలయంలో పత్రికారచన బోధించిన ఉపాధ్యాయుడు, నవలాకారుడు. 270 తూటాకు ప్రసిద్ధి తెచ్చినవాడు ఆయనే. ఇద్దరూ చివరికి ఐడహో రాష్ట్రంలోనే స్థిరపడ్డారు గాని ఒకరి మాట ఒకరికి గిట్టలేదు. పాఠకులు మాత్రం ఇద్దరినీ చదివి, ఎవరికి ముందే ఏ తుపాకి ఉన్నదో ఆ తుపాకికి అనుకూలమైన వాదాన్ని నెగ్గించుకున్నారు.

కాని ఇది వాదంతో తేలే విషయం కాదు, పరీక్షతో తేలవలసినది. పరీక్ష కష్టమైనదీ కాదు. పెన్సిలు లావు మొదలు బొటనవ్రేలి లావు వరకు గల గుండ్రని కొయ్యకడ్డీలను ఒక చట్రంలో నిలువుగా, వరుసలు వరుసలుగా, ఎటు కాల్చినా ఏదో ఒక కడ్డీకి తగలక తప్పనట్లు నాటుతారు. దానివెనుక కొంత దూరాన కాగితపు గురి నిలుపుతారు. మొదట కడ్డీలు లేకుండా కాల్చి గుండు ఎక్కడ తగులుతున్నదో గుర్తిస్తారు. ఆపై కడ్డీలగుండా కాలుస్తారు. ఇట్టి పరీక్షలు తుపాకుల విషయం వ్రాసేవారు ఎందరో, ఎన్నో పర్యాయాలు చేశారు. సన్నగుండ్లు దారి తప్పాయి. లావుగుండ్లు కూడా దారి తప్పాయి. పన్నెండో నంబరు తుపాకి విడిచే ఔన్సు సీసపు గుండు సైతం తప్పింది. కాగితంమీద పెక్కు చిల్లులు గుండ్రంగా లేవు. గుండు అడ్డం తిరిగి తగిలినందువల్ల తాళపుచెవి కంతవలె కోలగా ఉన్నాయి. కొన్ని పరీక్షలలో పొడవైన, బరువైన గుండ్లు కొంచెం మెరుగనిపించుకున్నమాట నిజమే. నమ్మి ట్రిగ్గరు నొక్కదగినంత మెరుగు ఏ గుండుకూ కనబడలేదు.

కారణం బొంగరం ఆడిన ప్రతి బాలుడికీ తెలుసు. రైఫిలు గొట్టం లోపల మెలికలు తిరిగిన గాళ్ళు ఉంటాయి. 30-30 తుపాకిలో ఆ మెలిక సామాన్యంగా పన్నెండు అంగుళాలకు ఒక చుట్టు. అడుగుకు ఒక చుట్టు, సెకనుకు 2,200 అడుగులు. అనగా గుండు సెకనుకు 2,200 సార్లు తన చుట్టూ తాను తిరుగుతూ పోతున్నది. ఆ తిరుగుడే దానిని తిన్నగా నిలుపుతుంది. తిరిగే బొంగరాన్ని ప్రక్కనుంచి పుల్లతో తాకితే ఏమవుతుంది? పడిపోదు, కాని తల ఊపుతుంది, స్థలం మారుతుంది. గుండు ముక్కుకు రెమ్మ ప్రక్కవాటుగా తగిలినప్పుడు జరిగేదీ అదే. పైగా వేటగుండు ముక్కున సీసం మెత్తగా ఉంటుంది. జంతువుకు తగిలినప్పుడు పుట్టగొడుగువలె విచ్చుకోవలసిన ఆ ముక్కు రెమ్మకు తగిలినప్పుడే వికారంగా నలగడం మొదలవుతుంది. ఇక అది వంకరబొంగరం.

మళ్ళిన కోణం ఎంత స్వల్పమైనా దూరం దానిని పెంచుతుంది. గుండు ఒక్క డిగ్రీ మళ్ళినదనుకుంటే, రెమ్మ దుప్పికి ఒక మీటరు ముందున్నప్పుడు తప్పే దూరం రెండు సెంటీమీటర్ల లోపే. రెమ్మ ఇరవై మీటర్లు ముందుంటే తప్పేది 35 సెంటీమీటర్లు. ముప్పై మీటర్లయితే అర మీటరుకు మించుతుంది. త్రికోణమితి మొదలుపెట్టిన విద్యార్థి పట్టిక చూసి ఈ లెక్క సరిచూడవచ్చును. దుప్పి శరీరంలో గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ప్రక్కనుంచి చూస్తే ఇరవై సెంటీమీటర్ల పళ్ళెమంత. దాని నడుమను గురిపెట్టిన గుండు 35 సెంటీమీటర్లు తప్పితే, పూర్తిగా తప్పిపోవచ్చును. లేదా పొట్టలోనో, కాలిలోనో తగలవచ్చును. పూర్తిగా తప్పిపోతే అదృష్టం. పొట్టలో దెబ్బతిన్న దుప్పి వెంటనే పడదు. ఆ పొదలలోనే మైలో, రెండు మైళ్ళో పోయి, ఏ చిత్తడినేలలోనో పడుకొని, గంటల తరబడి ప్రాణం విడుస్తుంది. ఆ చిట్టడవిలో నెత్తుటి జాడ పట్టుకొని వెదకడం సామాన్యమైన పని కాదు. చీకటిపడి వాన కురిస్తే ఇక దొరకదు.

అటువంటప్పుడు అంతకాలం అనుభవజ్ఞులైన వేటగాండ్రు ఈ నమ్మకాన్ని ఎట్లా పట్టుకొని ఉన్నారు? వారు అబద్ధమాడలేదు. రెమ్మ దుప్పికి దగ్గరగా ఉన్నప్పుడు, లేక గుండు రెమ్మ నడిమధ్యను తగిలినప్పుడు, పెద్దగా మళ్ళదు. దుప్పి పడుతుంది. వేటగాడు పోయి, తెగిన రెమ్మను చూసి, దానిని విరిచి తెచ్చి నలుగురికీ చూపుతాడు. తప్పిన గుండుకు అట్టి సాక్ష్యం లేదు. తప్పినవాడు “నా చేయి వణికింది” అనుకుంటాడు గాని, నలభై అడుగుల దూరంలో తెగిపడిన పెన్సిలంత రెమ్మను వెదకిపోడు. నెగ్గినవన్నీ జమకు, ఓడినవన్నీ చేతి ఖర్చుకు వ్రాసిన చిట్టాలో తుపాకికి నష్టం ఎన్నడూ కనిపించదు. బడిలో ప్రయోగశాస్త్రం బోధించేవారికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

అయితే పొట్టి లీవరు తుపాకి పొదలకు పనికిరాదా అంటే, భేషుగ్గా పనికివస్తుంది. పనికివచ్చే కారణం వేరు. చిట్టడవిలో దుప్పి కనబడేది రెండు మూడు క్షణాలు. పొడవైన గొట్టం కొమ్మలకు తగులుకుంటుంది. భుజానికి ఎత్తేలోగా దుప్పి ఉండదు. తుపాకి పొట్టిగా, తేలికగా, భుజానికి అమరేదిగా ఉంటే, రెండు చెట్ల నడుమ ఉన్న సందు మూసుకుపోకముందే గురి కుదురుతుంది. కావలసినది రెమ్మను చీల్చే గుండు కాదు, రెమ్మలేని సందును పట్టుకోగల తుపాకి. నూరు గజాల లోపు దూరంలో 30-30 గుండైనా, 1906 ప్రాంతంలో వచ్చిన 35 రెమింగ్టన్ వారి 200 గ్రెయిన్ల గుండైనా, వడిగల కొత్త గుండైనా దుప్పికి చాలినదే. 45-70 వంటి పెద్ద తూటాను తేలికపాటి తుపాకిలో పేలిస్తే భుజానికి తగిలే దెబ్బ గట్టిది. ఆ దెబ్బకు జంకి ట్రిగ్గరు నొక్కేటప్పుడు కన్ను మూసుకునేవానికి పెద్దగుండు వల్ల ఒరిగేది లేదు.

గురి చూసే సాధనం విషయంలో మరికొంత ఆలోచన అవసరం. పెద్దదిగా చూపే దుర్భిణి పొదలలో శత్రువు. దాని చూపు ఇరుకు, అందులో దుప్పి దొరకనే దొరకదు. ఒకటి రెండు రెట్లు మాత్రమే పెంచి, విశాలంగా చూపేది మంచిది. చీకటి పొదలో బూడిదరంగు దుప్పిని, బూడిదరంగు రెమ్మను విడదీసి చూపడంలో వట్టికంటికన్న అది మేలు. కాని దానిలోనూ ఒక మోసమున్నది. దుర్భిణి గొట్టానికి సుమారు ఒకటిన్నర అంగుళం పైన ఉంటుంది. కంటి దారి నిర్మలంగా ఉన్నా, గుండు బయలుదేరే దారిలో, తుపాకి మూతిముందే, రెమ్మ ఉండవచ్చును. దగ్గరి రెమ్మ దుర్భిణిలో మసకబారి మాయమవుతుంది కూడా. వించెస్టర్ 94లో ఖాళీ తూటా నెత్తిమీదుగా ఎగిరిపడుతుంది గనుక చాలాకాలం దానిపై దుర్భిణి బిగించడం చిక్కుగా ఉండేది. 1948లో వచ్చిన మార్లిన్ 336లో తూటా ప్రక్కకు పోతుంది. దానికి పేరు రావడానికి ఇదొక కారణం.

ఒకే పేలుడులో అనేక గుండ్లు విడిచే తుపాకి మాటేమిటని అడిగేవారుంటారు. దక్షిణ రాష్ట్రాల చిత్తడి అడవులలో కుక్కలతో తరిమి కొట్టే వేటకు అది పాత ఆచారం. పన్నెండో నంబరు తూటాలో అంగుళంలో మూడోవంతు అడ్డకొలతగల గుండ్లు తొమ్మిది ఉంటాయి. జమీందారీ కాలపు వేటలలో మనవారు వాడిన ఎల్.జీ. తూటాలు ఈ జాతివే; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దేశంలో అది ముగిసిన కథ. నలభై గజాలు దాటితే ఈ గుండ్లు చెదరి, ఒకటో రెండో మాత్రమే తగిలి, చంపక గాయపరుస్తాయి. అమెరికాలోనే పెక్కు రాష్ట్రాలు దుప్పివేటలో దీనిని నిషేధించాయి.

పొదవెనుక ఉన్నది దుప్పి కాకపోతే? 1988 నవంబరులో మెయిన్ రాష్ట్రంలో ఒక తల్లి తన ఇంటి పెరటిలో, చెట్ల అంచున, వేటగాని గుండుకు బలి అయినది. ఆమె చేతులకు తెల్లని తొడుగులు ఉన్నాయి. కాల్చినవాడు తాను చూసినది దుప్పి తోక అని చెప్పాడు. న్యాయస్థానం అతనిని నిర్దోషిగా విడిచిపెట్టింది. దానిపై పెద్ద కలత రేగి, ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసింది. దాని ప్రకారం వేటగాడు జంతువు తలను, మొండెమును కంటితో చూసి గుర్తించిన తరువాతనే కాల్చాలి. రంగును, చప్పుడును, కదలికను చూసి కాల్చరాదు. ఏనుగు నీరు త్రాగుతున్నదని చప్పుడునుబట్టి బాణం వేసిన దశరథుని కథ, పొదమాటున పాదాన్ని చూసి లేడి అనుకున్న బోయ కథ తెలిసిన మనకు ఈ చట్టం కొత్తగా తోచదు. శబ్దభేది అక్కడ గొప్ప విద్యే. దాని ఫలం ఏమైనదో వాల్మీకి దాచలేదు.

ఇప్పుడు పెక్కు రాష్ట్రాలలో వేటగాడు మెరిసే నారింజరంగు టోపీ, చొక్కా ధరించక తప్పదు. దుప్పి కంటిలో రంగును పట్టే కణాలు రెండు రకాలే. నారింజరంగు దానికి అడవిరంగులలో కలిసిపోతుంది. మనిషి కంటికి మాత్రం ఎంత దూరాన ఉన్నా కొట్టవచ్చినట్లు కనబడుతుంది. పొదలలోనికి పోయేవానికి తుపాకితో పాటు ఎంచుకోవలసిన వస్తువులలో ఇది చవకైనది.

వించెస్టర్ 94ను తయారుచేసిన న్యూహేవెన్ కర్మాగారం 2006లో మూతపడింది. కొన్ని సంవత్సరాల తరువాత అదే నమూనా జపానులో తయారై రాసాగింది. మార్లిన్ పేరును 2020లో రూగర్ సంస్థ కొని, 2023లో 336ను మళ్ళీ మార్కెట్టుకు తెచ్చింది. గొట్టం పొట్టిదే, లీవరు పాతదే. కొనవచ్చేవారిలో చాలామంది దానిని ఇప్పటికీ పొదల తుపాకి అనే పిలుస్తారు.